దివాలా ఇంట్లో నలభై గుండ్లు

“ఇది బంగారం కాదు.”

సరాఫు ఆ మాట రెండోసారి అన్నాడు. మొదటిసారి అన్నప్పుడు ఎవరూ నమ్మలేదు.

గీటురాయి మీద గుండును గీకి, గీత మీద యాసిడ్ చుక్క వేశాడు. బంగారమైతే గీత చెక్కుచెదరకూడదు. ఇక్కడ ఆకుపచ్చని నురగ లేచింది. నురగ తుడిచేసరికి గీత లేదు.

“ఇంకో గుండు చూడండి,” అంది మాలతి మేడం. ఆమె కోర్టు రిసీవర్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి. ఉదయం నుంచి దివాలా తీసిన నారాయణ ఇంట్లో కూర్చుని, ఉన్న వస్తువులకు పంచనామా రాస్తోంది.

సరాఫు ఇంకో గుండును గీకాడు. మళ్ళీ నురగ.

“పైన బంగారు పూత, లోపల ఇత్తడి.”

మాలతి మేడం కలం పక్కన పెట్టింది. శాంతి నగర్‌లో ఆ రెండు గదుల ఇంట్లో, చాప మీద పరిచిన వస్తువులు ఎక్కువేమీ లేవు. టీవీ, వెండి పళ్లెం, రెండు వెండి గ్లాసులు, నారాయణ చేతి గడియారం. వాటన్నింటి ధర కలిపినా ఆ గుండ్లపేరులో పదో వంతు కూడా రాదు. నలభై బంగారు గుండ్లు గుచ్చిన దండ అది. అయిదు తులాలు అని నారాయణ జాబితాలో రాసిచ్చాడు.

“నారాయణ గారూ, ఈ జాబితా మీరు ప్రమాణం చేసి ఇచ్చారు. బంగారం ఎక్కడ?”

నారాయణ దండను చేతిలోకి తీసుకుని గుండ్లను ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

ఆరు నెలల క్రితం అతని షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆడేవి. ఎనిమిది నెలల బట్ట తీసుకున్న వ్యాపారి ఒకడు దుకాణం మూసి మాయమయ్యాడు. నూలు బాకీ, కరెంటు బాకీ ఒకేసారి మీద పడ్డాయి. నారాయణ దివాలా అర్జీ పెట్టాడు. సాంచాలన్నీ కోర్టు వాళ్లు వేలం వేశారు.

విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత ఇంట్లో నవ్వులు మొదలయ్యాయి. ఫోను మోగితే ఉలిక్కిపడటం పోయింది. నారాయణకు నిద్ర పడుతోంది. ఒకటో తారీఖు నుంచి నాగావ్‌లో ఒక షెడ్డులో సాంచాలు బాగుచేసే జాబర్‌గా చేరబోతున్నాడు. ఇరవై ఏళ్ల కిందట తన కింద పనిచేసినవాడిదే ఆ షెడ్డు. “జాబర్ పనంటె నాకు ఆటనే,” అని రోజూ చెప్పుకుంటున్నాడు. రేపు కోర్టు తారీఖు. జాబితా నిజమని తేలితే అప్పుల నుంచి విముక్తి. అబద్ధమని తేలితే ఆ విముక్తి ఉండదు, పైగా ఆస్తి దాచిన కేసు.

అసలు ఆ గుండ్లపేరును జాబితాలో రాయకపోయినా నడిచేదే. నారాయణ భార్య సుశీల పుస్తెలు, మెట్టెలు, పుట్టింటి కమ్మలు జప్తుకు రావని అధికారి మొదటే పక్కన పెట్టేసింది. వంటపాత్రలు, పరుపులు, కుట్టుమిషను కూడా. జాబితా రాసేటప్పుడే వకీలు చెప్పాడు, గుండ్లపేరును కూడా భార్యదని రాయమని. నారాయణ వినలేదు.

“అది మా నాయినమ్మది. ఇంటి పెద్దకోడలు మెడల ఏసుకుంటది గాని ఆమెది కాదు, ఇంటిది. అబద్ధం రాసి ఉంచుకుంటె, ఏసుకున్నప్పుడల్లా గుచ్చుతది,” అన్నాడు.

అంత నిజాయితీగా రాసిచ్చిన నగ ఇప్పుడు ఇత్తడి అయి కూర్చుంది.

“అయిదు గంటలకు పంచనామా మూస్తాను,” అంది మాలతి మేడం. గోడ గడియారంలో మూడు దాటింది. “అప్పటికి బంగారం ఏమైందో తేలకపోతే, దాచారని రాయక తప్పదు.”

నారాయణ కొడుకు వైపు చూశాడు. ముప్పై ఏళ్ల పంకజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి, పెదాలు తడుపుకుంటున్నాడు. తండ్రికి ఆ ఒక్క చూపు చాలింది.

“నేనే మార్చిన మేడం,” అన్నాడు నారాయణ.

చాయ్ గ్లాసుల పళ్లెంతో వస్తున్న సుశీల ఆగిపోయింది. “ఏందయ్యా నువ్వనేది!”

“ఎక్కడ అమ్మారు?” అంది అధికారి.

“కళ్యాణ్‌ల.”

“ఏ దుకాణం?”

“స్టేషన్ దగ్గర ఒకటి ఉంటది.”

“ఎంతకు అమ్మారు?”

నారాయణ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. సరాఫు ముసిముసిగా నవ్వాడు. నగ అమ్మినవాడు ఆ అంకె మరిచిపోడని అతనికి తెలుసు.

“బాపు ఝూట్ బోల్తుండు!” పంకజ్ అరిచాడు. “మేడం, నేనే. గల్తీ నాదే.”

“నువ్వు నోర్ముయ్‌రా!”

“నువ్వే జర చుప్ కూర్చో బాపూ!”

పంకజ్ చెప్పింది ఇది. పోయిన ఏడాది, కరెంటు కోసేస్తామని నోటీసు వచ్చినప్పుడు, అల్మారాలోంచి గుండ్లపేరు తీసుకుని తాకట్టు పెట్టడానికి ధామన్కర్ నాకా దగ్గర ఒక గిర్వి దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లి త్రాసు తెచ్చాడు. తర్వాత గీటురాయి తీశాడు. అది చూడగానే పంకజ్ నగ లాక్కుని బయటికి పరుగెత్తుకొచ్చాడు.

“ఆడు లోపలికి పోయినప్పుడే మార్చిండు. పక్కా!”

“ఒక్క నిమిషం,” అంది మాలతి మేడం. “రాయి చూసి ఎందుకు పరుగెత్తావు?”

పంకజ్ తల్లి వైపు చూశాడు. సుశీలే చెప్పింది. “మా ఇంట్ల రివాజు మేడం. గుండ్లపేరును రాయి మీద గీకితే ఇంటి మగోళ్లకు కీడు. అందుకే ఎన్నడు గీకియ్యలే, గిర్వి పెట్టలే. ఇయ్యాల మీరు సర్కారోళ్లు గనుక ఏం అనలేకపోయిన.”

“మరి ఇంట్లో ఇద్దరు మగవాళ్లూ నేరం ఒప్పుకున్నారు,” అంది అధికారి. “కీడు తగిలినట్టే ఉంది.”

పంచనామాకు సాక్షిగా కూర్చున్న దేవానందం నవ్వు ఆపుకోలేకపోయాడు. అతను నారాయణ దగ్గర ముప్పై ఏళ్లు సాంచాలు బాగుచేసిన మనిషి. ఇల్లు పక్క గల్లీలోనే. “తండ్రీకొడుకులు జైలుకు లైన్ల నిలబడ్డట్టే ఉన్నరు,” అన్నాడు.

సుశీలకు నవ్వు రాలేదు. పళ్లెం కింద పెట్టి చాప ముందు కూర్చుంది. భర్త అబద్ధం ఆడటం ఆమెకు కొత్త. కొడుకు నిజం చెప్పడం అంతకంటే కొత్త. ఇద్దరి మాటా పక్కన పెడితే మిగిలింది దండ ఒక్కటే.

“సేట్, అన్ని గుండ్లు గీకుండ్రి,” అంది సరాఫుతో.

“నలభై ఉన్నాయమ్మా.”

“నలభై గీకుండ్రి. ఇప్పటికే రెండు గీకితిరి. ఇగ రానున్న కీడు ఎట్లనో వచ్చె.”

సరాఫు నిట్టూర్చి మొదలుపెట్టాడు. మూడో గుండు, నురగ. నాలుగు, నురగ. అయిదు. ఆరో గుండు దగ్గర అతని చేయి ఆగింది. ఇంకో చుక్క వేశాడు. కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

గీత చెక్కుచెదరలేదు.

“ఇది బంగారం,” అన్నాడు మెల్లగా.

సరాఫు వేగం పెంచాడు. పన్నెండో గుండు బంగారం. పదిహేడోది బంగారం. నలభై పూర్తయ్యేసరికి చాప మీద ఒక పక్క తొమ్మిది సుద్దముక్క గుర్తులు ఉన్నాయి.

“తొమ్మిది అసలువి. ముప్పై ఒకటి పూతవి. ఇంకో మాట. ఈ తొమ్మిదీ ఒక చేతి పని కాదు. ఒక్కోటి ఒక్కో దుకాణంలో చేసింది. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు.”

సుశీల మనసులో లెక్క వేసుకుంది. గిర్వి దుకాణంవాడు మార్చి ఉంటే నలభై మార్చేవాడు. కొడుకైనా అంతే. దొంగ తీసుకుంటాడు. ఇక్కడ ఎవరో ఒక్కొక్కటే తెచ్చి పెడుతున్నారు.

“దారం చూపియ్యిండ్రి.”

సరాఫు గుండ్లను పక్కకు జరిపి దారాన్ని బయటకు లాగాడు. అది పట్టుదారం కాదు. మామూలు నూలు పోగులు, పేనినవి. పైగా ఒకే దారం కాదు. ముక్కకు ముక్క ముడివేసి, ఆ ముడులను గుండ్ల లోపల దాచారు. ప్రతి అసలు గుండు పక్కనా ఒక ముడి.

దేవానందం మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. సాక్షి అనే మాట మరిచిపోయి జాబర్ అయిపోయాడు.

“ఇవి సాంచాలోళ్ల ముడులు వదినా. పోగు తెగితే ఏసే ముడి. దర్జీకి రాదు, సరాఫుకు రాదు.” దారం చివర పట్టుకున్నాడు. “గీ ఎర్రది, పచ్చది సూడు. లుంగీల నూలు. మన కార్ఖానాల లుంగీ ఎప్పుడు నడిచింది?”

“మొదటి రెండు సాంచాలు పెట్టినప్పుడు,” అన్నాడు నారాయణ. “తొంభై నాలుగుల. ఒక్క ఏడాది. దాని తర్వాత రంగు నూలు మన గడప తొక్కలే.”

“కదా! గిది తెల్ల కాటన్, జర దొడ్డుది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది గట్ల. గిది సన్నది. ఇగ ఇక్కడి సంది పాలిస్టర్. పాలిస్టర్ మనం రెండు వేల ఏడుల పట్టినం. గీ ఆఖరు ముక్క మెరుస్తున్నది సూడు, లాక్‌డౌన్ ముంగట ఆర్నెల్లు నడిపిన మాల్.”

మాలతి మేడం అతని ముందుకు వంగింది. “నూలు చూసి ఏ సంవత్సరమో చెప్పగలరా?”

“మేడం, ముప్పై ఏండ్లు ఇదే నూలు తెగుడు, ఇదే అతుకుడు. నా పెండ్లి తారీఖు మర్చిపోయి మా ఎలీసబెతుతోని తిట్లు తిన్న గని, ఏ ఏడు ఏ నూలు నడిచిందో మర్చిపోలే.”

అధికారి కలం తీసింది. రాయలేదు. కానీ తీసింది.

“అంటే ముప్పై ఏళ్ల కింద మారింది. మార్చింది ఎవరు?”

నారాయణ, పంకజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తొంభై నాలుగులో పంకజ్ పుట్టాడు. కాన్పు కోసం సుశీల అయిదు నెలలు పుట్టింట్లో ఉంది. గుండ్లపేరు ఇక్కడే అల్మారాలో ఉండిపోయింది. సుశీలకు ఆ లెక్క అందరికంటే ముందే తగిలింది. కానీ ఇంకొక పోగు అతుక్కోవాలి.

ఫోను తీసి సిరిసిల్లలో ఉన్న ఆడబిడ్డకు కలిపింది. గంగాబాయి నారాయణ కంటే ఏడేళ్లు పెద్దది. స్పీకరు పెట్టకపోయినా ఆమె గొంతు గదంతా వినిపించింది.

“ఏందే సుశీలా, సర్కారోళ్లు పోయిండ్రా?”

“ఉన్నరు వదినె. ఒక్క మాట చెప్పు. మన గుండ్లపేరును రాయి మీద గీకద్దని రివాజు ఉన్నది కదా.”

“ఎవలు చెప్పిండ్రు?”

“ఇంటి మగోళ్లకు కీడని...”

“నీ మొఖం! మా నాయినమ్మ ఏటా దసరాకు గీకిచ్చేది, తూకం ఏపిచ్చేది. కంసలాయన ఎక్కడ గుండు మారుస్తడో అని ఆమె రంధి. గీకితె కీడైతె మా బాపు చిన్నప్పుడే పోతుండె! గా రివాజు ఎవలు పుట్టిచ్చిండ్రే?”

సుశీల ఫోను పెట్టేసింది.

ముప్పై ఏళ్లుగా ఆ రివాజును ఆమె ఎంత శ్రద్ధగా పాటించిందో! గల్లీలో ఎంతమంది ఆడవాళ్లకు చెప్పిందో! సగం శాంతి నగర్ తెలుగువాళ్లు ఇప్పుడు తమ గుండ్లపేర్లను గీకనివ్వడం లేదు. ఆ రివాజును తనకు ఎవరు చెప్పారో ఆమెకు బాగా గుర్తుంది.

“అరగంటల వస్త మేడం,” అని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

పక్క గల్లీలో రెండు వైపులా సాంచాలు దడదడలాడుతున్నాయి. దేవానందం ఇంటి గుమ్మంలో అతని భార్య ఎలీసబెతు చాయ్ వడగడుతోంది. లోపల మంచం మీద సుశీల అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. ఇంట్లో సామాన్లు ముట్టుకుంటుంటే చూడలేనని పొద్దున్నే ఇక్కడికి వచ్చేసింది. డెబ్బై ఎనిమిదేళ్లు. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, వినదలచుకున్నప్పుడు.

“అత్తమ్మా,” అంది సుశీల. “గీకిండ్రు.”

ముసలామె వేళ్లు ఆగాయి.

“ఎన్ని దొరికినయ్?”

“తొమ్మిది.”

“లెక్క సక్కగనే ఉన్నది,” అని మళ్లీ చిక్కుడుకాయ వలిచింది. రెండు గింజలు చేతిలోంచి జారి కింద పడ్డాయి.

సుశీల ఆమె పక్కన కూర్చుంది. ఎలీసబెతు రెండు గ్లాసులు తెచ్చి పెట్టి, ఏదో పనున్నట్టు వెళ్లిపోయింది.

“నువ్వు కాన్పుకు పోయినప్పుడు,” అంది ముసలామె. “ఒకాయన సాంచాలు అమ్ముకోని ఊరికి పోతుండె. రెండు. మూడు దినాల టైమిచ్చిండు. మీ మామ ఒకటే ఏడ్సుడు, మనం ఎన్నడు సొంత సాంచాల ఆసాములం గాలేము అనుకుంట. నేనే గుండ్లు తీసి అమ్మిన. మీ మామకు కూడ చెప్పలే, నేను దాసుకున్న పైసలని చెప్పిన. ఆడికెల్లి ఇత్తడివి కొన్న. మొదటి బట్ట తాకా దిగిన నాడు దాని నూలుతోనే గుచ్చిన.”

“నాకు ఒక మాట చెప్తే ఏమైతుండె? ఇయ్యనంటుంటినా?”

“పచ్చి బాలింతవు. మీ అవ్వగారింట్ల ఉంటివి. కాన్పుకు పంపి మెడలది తీసుకున్నరు అని మీ ఊరంత అంటుండె. ఏడాదిల మళ్ల కొని పెడ్త అనుకున్న. కండెలు చుట్టిన పైసలు జమ చేస్తున్న గని, ఆ బంగారం ధర నాకంటె జోరుగ ఉరుకవట్టె. గీకితె కీడని అందుకే చెప్పిన. నువ్వేమో ఊరంత చాటింపేస్తివి. మొన్న కూరగాయలకాడ ఎవతో నాకే చెప్పవట్టె, అవ్వా గుండ్లు గీకియ్యకు అని!”

సుశీల కోపం తెచ్చుకోవాలని చూసింది. ఎన్ని పెళ్లిళ్లలో ఇత్తడి వేసుకుని నిటారుగా కూర్చుంది! ఎంతమంది ఓరచూపులు చూశారు! ఒక్కసారి నవ్వు పొంగుకొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముసలామె అనుమానంగా చూసింది.

“నవ్వుడు తర్వాత. అక్కడ నీ కొడుకు తన మీద ఏసుకున్నడు. నీ మనుమడు తన మీద ఏసుకున్నడు.”

“ఇద్దరికిద్దరు పిస్సోళ్లు!” ముసలామె చిక్కుడుకాయల పళ్లెం పక్కకు నెట్టి లేచింది. “జైల్ల ఏస్తరానే నన్ను?”

“ఏస్తే చాయ్ నేను తెస్త. నడువు.”

వాళ్లు ఇంట్లో అడుగుపెట్టేసరికి అయిదుకు పది నిమిషాలు. సుశీల ఎక్కడా ఆగకుండా చెప్పింది. రెండు సాంచాలు, మూడు రోజుల గడువు, లుంగీల నూలు, కండెలు చుట్టి కొన్న తొమ్మిది గుండ్లు, పుట్టించిన రివాజు. ‘ఆమె తీసింది’, ‘ఆమె పెట్టింది’ అంటూనే మొత్తం కథ నడిపింది. నారాయణ తల్లి వైపు తిరిగాడు. తన మొదటి రెండు సాంచాలు ఎక్కడినుంచి వచ్చాయో అతనికి ఈ రోజే తెలిసింది.

“అవ్వా... బాపు కూడబెట్టిండని అనుకుంటి గదనే.”

“మీ బాపు బీడీలు కూడబెట్టిండు,” అంది ముసలామె.

పంకజ్ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

మాలతి మేడం దారాన్ని మరోసారి వెలుతురులో పట్టి చూసింది. గంగాబాయి ఫోను నంబరు రాసుకుంది. దేవానందం చెప్పిన సంవత్సరాలు వరసగా రాసుకుంది.

“ఆ బంగారం రెండు సాంచాలైంది. ఆ రెండే ఇరవై నాలుగయ్యాయి. ఆ ఇరవై నాలుగూ మేము వేలం వేశాం. దాచింది ఏమీ లేదు. తొమ్మిది గుండ్లు బంగారమని నమోదు చేస్తాను. ముప్పై ఒకటికి విలువ లేదు, మీరే ఉంచుకోండి. రేపు కోర్టులో ఇబ్బంది రాదు.” నారాయణ భుజాలు అప్పుడు కిందికి దిగాయి. “కానీ మార్చినవారి పేరు కావాలి.”

“నేనే,” అంది ముసలామె.

“లేదమ్మా. ముందు ఈయన నేనే అన్నాడు. తర్వాత ఆ అబ్బాయి నేనే అన్నాడు. ఈ ఇంట్లో ఎవరికి వాళ్లు ఒప్పుకుంటే నేను రాయను.” కలం కొస సుశీల వైపు తిరిగింది. “కనిపెట్టింది మీరు. సాక్షుల ముందు మీరే చెప్పండి. ‘ఆమె’ అంటే కుదరదు. పేరు.”

సుశీల అత్త వైపు చూసింది. పెళ్లయి ముప్పై రెండేళ్లు. రేషన్ కార్డు దగ్గర, ఆస్పత్రి చీటీ దగ్గర, ఎక్కడ అవసరం పడినా పక్కవాళ్లతో చెప్పించింది తప్ప, అత్త పేరు ఒక్కసారి కూడా ఆమె నోటి వెంట రాలేదు. కోడలు అత్త పేరు పలకడం వాళ్లలో లేదు. అయిదుకు రెండు నిమిషాలు.

“చెప్పవే,” అంది ముసలామె, మోచేత్తో ఆమెను పొడిచి. “గీ రివాజు నేను పుట్టిచ్చింది గాదు గని, నాకోసం ఈ ఒక్కసారి ఇడిసిపెట్టు. నీ నోటెంట ఎట్లుంటదో నేను గూడ వినాలె.”

సుశీల కొంగు సవరించుకుంది. నవ్వాపుకుంటూ, వీధిలోకి కూడా వినిపించేలా చెప్పింది.

“మార్చింది మా అత్తమ్మ, శాంతాబాయి.”